తోమిన ఆకు

మా ఇంట్లో దేవుడి గూట్లో ఒక రాయి ఉండేది. అరచేయంత నల్ల పలక, దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు. మా నాన్న కొత్తగూడెం వైపు భూమి కింద బొగ్గు తవ్విన మనిషి. ఒకరోజు గనిలో పైకప్పు కూలి, ఆయన పక్కనే పనిచేస్తున్న జోడీదారు చనిపోయాడు. ఆ రాళ్ల కుప్పలోంచి నాన్న తెచ్చుకున్న ముక్క ఇది. ఆ జోడీదారుతో నాన్న దిగిన ఫోటో ఒక్కటైనా లేదు. అమ్మ ఏమనుకుందో ఏమో, రాయికి బొట్టు పెట్టి దేవుళ్ల పక్కన చేర్చింది.

గురువారం సాయంత్రం ఇత్తడి సామాను తోమడం మా ఇంటి రివాజు. దీపపు కుందులు, గంట, పళ్లెం, వాటితోపాటు ఈ రాయి. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. అమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. ఏ పనైనా సగం సగం చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమ్మకంటే గట్టిగా తోమేదాన్ని.

నేను దుమ్ముగూడెం దగ్గర ఒక బడిలో సైన్స్ చెప్తాను. మొన్న శిలాజాల పాఠం వచ్చింది. దాదాపు ఇరవై ఐదు కోట్ల ఏళ్ల కిందట భూమి మీది ప్రాణులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయని చెప్పాను. అప్పటిదాకా మన గోదావరి లోయలో అడవులుగా పెరిగిన నాలుక ఆకుల చెట్లూ ఆ చావులోనే పోయాయని, మన బొగ్గు చాలామటుకు వాటిదేనని, ఆ తర్వాతి పొరల్లో ఎన్ని రాళ్లు పగలగొట్టినా ఆ ఆకు దొరకదని చెప్పాను. "మా ఇంట్ల ఉంది, రేపు తెచ్చి చూపిస్తా," అని గొప్పలకు కూడా పోయాను.

ఇంటికొచ్చి బొట్టు తుడిచి చూస్తే పలక నున్నగా ఉంది. వెలుతురుకు అటూ ఇటూ తిప్పాను. ఈనె లేదు, అంచు లేదు. నా చేతులు పడిపోను! అన్ని కోట్ల ఏళ్లు నిలిచినదాన్ని చింతపండుతో తోమి పారేశాను. మొక్కడమే తప్ప ఏనాడూ దాన్ని సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

ఆ వారమే నాన్నకు దవాఖానాలో కంటి ఆపరేషన్. కళ్లలో పొరలొచ్చి ఏడాదిగా ఆయనకు అన్నీ మసకే.

"పట్టీ ఇప్పినంక ముందుగాల ఆ ఆకు చూపియ్యి బిడ్డా," అన్నాడు. "మస్తు రోజులైంది."

"అట్లనే నాయినా," అన్నాను.

నిజం చెప్పే ధైర్యం లేక, పుస్తకంలో బొమ్మ ముందు పెట్టుకుని, మేకుతో, సూదితో ఆకు గీశాను. కొత్త గీతలు తెల్లగా కనిపిస్తే మసి రుద్దాను. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, దొంగ శిలాజం చెక్కాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పట్టీ విప్పాక నాన్న పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. బొటనవేలితో ఈనె వెంట నిమిరాడు.

"మంచిగ గీసినవ్," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. "తప్పైంది నాయినా. తోమి తోమి నేనే చెరిపేసిన."

"నువ్వొక్కదానివేనా ఏంది? మీ అమ్మ ఉన్నప్పటి సంది అరుగుతనే ఉండె. నాకు తెల్వదా? మొక్కేదాన్ని తోమొద్దని ఆమెతోని ఎట్లంటా? జరంతన్న మిగిలుంటదనుకున్న."

పలకను వెలుతురుకు కొంచెం వంచాడు.

"కప్పు కూలకముందు నా జోడీదారే నెత్తి మీది లైటు ఏసి చూపిచ్చిండు. 'అరె, గిది చూడు, రాయిల ఆకు' అని నవ్విండు. ఈ ఆకు చూసినప్పుడల్లా వాని మొకం యాదికొస్తుండె."

మళ్లీ పలక వైపు చూశాడు.

"ఇప్పుడు వస్తలేదు బిడ్డా."

ఆయన బొటనవేలు ఇంకా నేను గీసిన ఈనె మీదే ఉంది.