గోడౌన్‌లో అరిగిపోయిన కారు

కొత్తగా కొంటే యాభై లక్షలు దాటే జర్మన్ స్పోర్ట్స్ కారు, నాలుగేళ్లు వాడింది, సగం ధరకే వస్తే కొనవచ్చా? పత్రికలో కార్ల గురించి రాస్తాను కాబట్టి ఈ మధ్య నన్ను ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. బెంగళూరు, చెన్నై పత్రికల్లో ఆదివారం ప్రకటనలు చూస్తే ఎందుకు అడుగుతున్నారో తెలుస్తుంది. నేనెప్పుడూ అలాంటి కారు కొనలేదు. కొన్నవాడు మాత్రం ఒకడు తెలుసు. చిత్తూరులో బెల్లం మండీ నడిపే మునిరత్నం, నాతో పాటు పదో తరగతి దాకా చదివినవాడు. రెండేళ్ల క్రితం బెంగళూరులో ఇరవై నాలుగు లక్షలకు రెండు సీట్ల కారు కొన్నాడు. ఈ జూన్‌లో దాన్ని అమ్మాలనుకున్నాడు. తిరుపతిలో ఒక బేరం తగిలింది. "నువ్వూ రారా, పేపరాయన పక్కనుంటే ఎదుటోడు నోటికొచ్చిన రేటు చెప్పడు" అని ఫోన్ చేశాడు. ఆ కారు ఖర్చులన్నీ దాచకుండా చెబితే వస్తానన్నాను. సరేనన్నాడు.

అమ్మకానికి కారణం ఉంది. ఊరి బయట నలుగురు వ్యాపారులు కలిసి కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. వాటా ఎనిమిది లక్షలు. మునిరత్నం రెండు వాటాలకు మాట ఇచ్చాడు. నెలాఖరులోగా పదహారు లక్షలు కట్టాలి, లేకపోతే ఆ వాటాలు వేరేవాళ్లకు పోతాయి. మండీలో పెట్టుబడి ముట్టుకోవడానికి వీల్లేదని అతని భార్య భారతి తేల్చి చెప్పింది. మండీ లెక్కలన్నీ ఆమే చూస్తుంది. కాబట్టి పదహారూ కారు నుంచే రావాలి.

ఉదయం ఆరున్నరకు వాళ్లింటికి వెళ్లేసరికి కారు గోడౌన్ బయట మెరుస్తూ ఉంది. భారతి నాకు కాఫీ ఇచ్చి, కారు వైపు చూడకుండానే మాట్లాడింది.

"అన్నా, ఈ పొద్దు దీన్ని అమ్మకుండా తిరిగి తెచ్చినారంటే గోడౌన్‌లోకి రానీను. వాకిట్లోనే పెట్టేది. కోళ్లు గుడ్లు పెట్టుకుంటాయి."

"దాని సీటు తోలు రేటెంతో తెలుసునా నీకు?" అన్నాడు మునిరత్నం.

"తెలుసు. కట్టింది నేనే కదా."

చిత్తూరు నుంచి తిరుపతికి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా డెబ్భై కిలోమీటర్లు. మామూలు కారులో గంటన్నర పడుతుంది. మాకు రెండు గంటలు దాటింది. కారణం స్పీడ్ బ్రేకర్లు. ఆ కారు అడుగుభాగానికీ రోడ్డుకీ మధ్య జానెడు ఎత్తు కూడా లేదు. ఇద్దరు కూర్చుంటే ఎత్తైన స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు గీసుకుంటుంది. అందుకని మునిరత్నం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పక్కనున్నవాడు దిగి నడిచి వెళ్లాలి. కారు ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కుతూ దాటుతుంది. అవతల మళ్లీ ఎక్కించుకుంటాడు. నా బరువు తొంభై కిలోలు. పూతలపట్టు చేరేలోపే నాలుగుసార్లు దిగాను. వెనక తోతాపురి మామిడి కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి హారన్లు మోగిస్తున్నాయి.

పూతలపట్టు కూడలిలో ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ ముప్పై రూపాయలు. చట్నీ బాగుంది. నేను దిగి నడవడం అంగడామె ముందే చూసింది.

"ఏం సామీ, ఈ కారు కొనింది ఎక్కేదానికా, దిగేదానికా?"

"నాది కాదమ్మా" అన్నాను.

"అట్టయితే బాగా బతికినావు. ఇంకో రెండు ఇడ్లీ పెట్టేదా, మళ్లీ నడవాల కదా?"

మునిరత్నం నవ్వలేదు. డబ్బులిచ్చి ముందుగా వెళ్లి, కారు కింద వంగి చూసుకున్నాడు.

చంద్రగిరి దాకా ఖర్చుల సంగతి మాట్లాడుకున్నాం. లీటరుకు ఆరు కిలోమీటర్లు ఇస్తుంది. పెట్రోలు ఇప్పుడు యాభై దాటింది. అంటే ఆ ఉదయం పెట్రోలుకే ఆరు వందల పైచిలుకు. అయితే అతన్ని దెబ్బకొట్టింది పెట్రోలు కాదు. కర్ణాటక నంబరు మార్చి మన రాష్ట్రంలో రిజిస్టరు చేయించడానికి పన్ను రెండు లక్షలు. రెండేళ్ల ఇన్సూరెన్సు లక్షా ముప్పై వేలు. సర్వీసు చిత్తూరులో కుదరదు కాబట్టి రెండుసార్లు లారీ మీద చెన్నైకి పంపాడు. లారీ బాడుగతో కలిపి లక్షా ఎనభై వేలు. మరో అరవై వేలు కూడా అయిందన్నాడు, దేనికని అడిగితే అద్దం సర్దుకున్నాడు.

"ఎలుకలురా" అన్నాడు చివరికి. "బెల్లం వాసనకు వస్తాయి కదా. వైర్లు కొరికేసినాయి. బ్యాటరీ కూడా పోయింది. అదొక్కటి ఆడ చెప్పొద్దు."

"నేనుగా చెప్పను. నన్ను అడిగితే లేదని అనను."

"అందుకే నిన్ను పిలవొద్దని అనుకున్నా. భారతి వినలా."

నన్ను పిలవమన్నది ఆమె అని నాకు అప్పుడే తెలిసింది.

కొనాలనుకున్న మనిషి పేరు ఖాజా. తిరుపతిలో పెళ్లి రిసెప్షన్లకూ, షూటింగులకూ కార్లు బాడుగకిస్తాడు. రేణిగుంట రోడ్డులో అతని షెడ్డుకు ఎనిమిదిన్నర దాటాక చేరాం. మునిరత్నం దిగీ దిగగానే తన దగ్గరున్న పెద్ద బలం బయటపెట్టాడు. "భాయ్, రెండేండ్లలో రెండువేల మున్నూరు కిలోమీటర్లే తిరిగింది. వారానికొకసారి తుడిచి, గుడ్డ కప్పి పెట్టినా. ముందు ఓనరూ పెద్దగా తిప్పలా, టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు కూడా పోలా."

ఖాజా ముఖం వెలుగుతుందని అనుకున్నాను. అలా జరగలేదు.

"రెండువేల మున్నూరా? ఇది బండియా, ఫోటోనా అప్పా?"

అతను టైరు పక్కన కూర్చుని, అంచు మీదున్న చివరి నాలుగు అంకెల మీద వేలు పెట్టి నాకు చూపించాడు. 2402. అంటే 2002లో ఇరవై నాలుగో వారంలో తయారైన, ఆరేళ్ల నాటి టైరు. పైన గాట్లన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. పక్కగోడ మీద మాత్రం సన్నని పగుళ్లు. నాలుగు టైర్లూ మార్చాలి, తొంభై వేలు. ఇంజన్ మూత ఎత్తి చూశాడు. ఒక మూల వైర్ల మీద కొత్త టేపు కనిపించింది. అతను నన్ను అడగబోయేలోపు మునిరత్నమే అందుకున్నాడు.

"ఎలుకలు భాయ్. అంతా మార్పించినా. బిల్లులుండాయి."

తర్వాత ఖాజా కారు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. విమానాశ్రయం వైపు ఖాళీ రోడ్డు దొరికింది. నిలబడిన చోటి నుంచి వంద దాటడానికి నా గడియారంలో ఏడు సెకన్లు పట్టలేదు. స్టీరింగ్ వణకలేదు, బ్రేకు వేస్తే కారు పక్కకు లాగలేదు. ఇంజన్ ఆరోగ్యం మీద నాకు అనుమానం లేదు, ఖాజాకూ లేదు. తిరిగొచ్చాక రేటు చెప్పాడు. పదకొండున్నర.

"పదహారుకు తక్కువైతే రాదు" అన్నాడు మునిరత్నం.

"యాడుంది అప్పా పదహారు? ఈ మాడల్ కొత్తది వచ్చేసె. దీన్ని ఇంకో ఏడాది కప్పి పెడితే తొమ్మిదికి నేనే కొంటా. నా దగ్గరైతే వారానికి నాలుగు రోజులు పనికి పోతాది. నీ కాడ పడుకోనుంటాది."

మునిరత్నం కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. ఎండలోకి నడిచి భారతికి ఫోన్ చేశాడు. నాకు వినబడింది అతని మాటలే. "పదకొండున్నర అంటాడు... ఇంజన్‌కేమీ లేదు... తెలుసు, రెండు వాటాలని తెలుసు..." తర్వాత చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేసి నా దగ్గరకొచ్చాడు.

"ఏమంటుంది?"

"'అది బెల్లమైతే ఏం జేసుంటావు' అని అడగతాండాది."

బెల్లం వ్యాపారం తెలియనివాళ్ల కోసం ఒక మాట. వానలు మొదలైతే బెల్లానికి చెమ్మ పడుతుంది, అచ్చులు నల్లబడతాయి. రంగు తగ్గిన కొద్దీ ధర తగ్గుతుంది. మునిరత్నం ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా సరుకును వానాకాలం దాటనివ్వలేదు. కోల్డ్ స్టోరేజీ కావాలన్నది కూడా అందుకే.

"ఏం చెప్పావు?"

"ఏం చెప్పేది? రెండు వానలు చూసినా. నల్లబడే సరుకును మూడో వానదాకా పెట్టుకునేంత పిచ్చోణ్ణా నేను?"

లోపలికి వెళ్లి, మండీ అలవాటు కొద్దీ భుజం మీది టవల్ చేతిమీద వేసుకుని ఖాజా ముందుకు చాపాడు. ఖాజా నవ్వుతూ దాని కిందికి చెయ్యి పెట్టాడు. పాత తరం దళారులు రేటు పైకి చెప్పకుండా వేళ్లు పట్టుకుని బేరం చేసే పద్ధతి అది. ఇద్దరి ముఖాలూ తప్ప నాకేమీ కనబడలేదు. నిమిషం తర్వాత టవల్ తీశారు. పన్నెండున్నర.

"ఎలుకల సంగతి నీ నోటితో నువ్వే చెప్పినావు. పైన లచ్చ దానికి" అన్నాడు ఖాజా.

కాగితాల పని, బ్యాంకు పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సుకు ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఇద్దరికీ టికెట్లు డెబ్భై రూపాయలు. చంద్రగిరి దాటేదాకా మునిరత్నం కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాడు.

"ఒక వాటా రోడ్డు మీద పోయిందిరా" అన్నాడు.

"రోడ్డు మీద కాదు, గోడౌన్‌లో."

పూతలపట్టు దగ్గర బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కబోతుంటే మునిరత్నం తెలియకుండానే సీట్లోంచి సగం లేచి, నా భుజం తట్టాడు, దిగమన్నట్టు. తర్వాత తనే నవ్వడం మొదలుపెట్టాడు. చిత్తూరు వచ్చేదాకా నవ్వాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ధరలో పడిపోయింది పదకొండున్నర లక్షలు. పన్ను, ఇన్సూరెన్సు, సర్వీసు, ఎలుకలు, పెట్రోలు కలిపి దాదాపు ఆరు లక్షలు. తిరిగిన దూరంతో భాగిస్తే కిలోమీటరుకు ఏడు వందల యాభై రూపాయలు దాటుతుంది. ఉదయం చిత్తూరు నుంచి తిరుపతికి మేము వెళ్లిన ఖర్చు యాభై వేల పైమాటే, నేను నడిచిన దూరం తీసేయకుండా. కారు చెడ్డది కాదు, ఆ వేగం నేను చూశాను. అయితే దాని ధర పడిపోవడానికి చక్రాలు తిరగనక్కర్లేదు, కాలం గడిస్తే చాలు. రోజూ నడిపే పనీ, దగ్గర్లో సర్వీసూ, మంచి రోడ్డూ ఉన్నవాళ్లు అలాంటి కారు ధైర్యంగా కొనవచ్చు. దాచిపెడితే విలువ నిలుస్తుందని నమ్మేవాళ్లు కొనకూడదు. మునిరత్నానికి కోల్డ్ స్టోరేజీలో ఒక వాటా వచ్చింది, మిగిలిన నాలుగున్నర లక్షలు భారతి మండీలోకి తీసుకుంది. గోడౌన్‌లో కారు ఉన్న చోట ఇప్పుడు బెల్లం బుట్టలు ఉన్నాయి. వానలు ముదిరేలోపు అవి కూడా వెళ్లిపోతాయి.

పాత స్పోర్ట్స్ కారు చూడబోయేవాళ్లు ఒక్క పని చేయండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగే ముందు, చివరిసారి ఎప్పుడు తిరిగిందో అడగండి. ఆ జవాబు వింటూనే వంగి, టైరు అంచు మీది నాలుగు అంకెలు చదవండి.