టెలిస్కోపు పెట్టెలో లేని భూతద్దం

చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన ఆటపెట్టెలోని అట్టగొట్టాలు, భూతద్దాలు బిగిస్తే టెలిస్కోపు తయారవుతుంది. అందులో పెద్ద భూతద్దం కనబడకుండా పోయింది. తమ్ముడే పారేశాడని ముప్పై ఏళ్లుగా వాణ్ని సాధిస్తున్నాను.

ఈ రోజు మా పాత వీధిలో మగ్గం నేసే లక్ష్మక్క కల్లూరులోని మా ఇంటికి వచ్చి, చీరముక్కలో చుట్టిన ఆ భూతద్దం నా చేతిలో పెట్టింది.

"కంటి ఆపరేషన్ అయినాదమ్మా, ఇప్పుడు శానా బాగా కనపడతాండాది. తెగిన పోగులు చూసుకోమని మీ నాయన ఇచ్చినాడు. పిల్లోల్లకు చెప్పొద్దు, మళ్లా అడుగుతారు అన్యాడు."

ఇన్నేళ్లు వాడినా దాని మీద ఒక్క గీత లేదు. ఆమె చేతులు కళ్లకద్దుకున్నాను.

సాయంత్రం టెలిస్కోపు బిగించి, వెనక వీధిలో ఉండే తమ్ముడి మేడవైపు తిప్పాను. ఈ రకం టెలిస్కోపులో అంతా తలకిందులే. దండెం మీద ఆరిన బట్టలు తీస్తున్న వాడు కూడా తలకిందులుగానే కనిపించాడు.

ముప్పై ఏళ్లుగా నేను వాణ్ని చూసింది అలాగే కదా! క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో కాస్త చెప్పండి.