పొద్దున్న ఏడింటి ద్రాక్షపళ్ళు

మలేషియాలో మా కెడా రాష్ట్రంలో జనవరి ఒకటి సెలవు కాదు. కౌలాలంపూర్ వాళ్ళు ముసుగుతన్ని పడుకునే ఆ పొద్దున్న, సుంగై పెటానిలో మేము చేతితొడుగుల ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబడతాం. ఏడింటికి షిఫ్టు. సరిగ్గా అప్పుడే స్పెయిన్‌లో రాత్రి పన్నెండు. ఈ సంగతి మాకు చెప్పింది, కొత్త యంత్రం బిగించడానికి అక్కడినుంచి వచ్చిన ఇంజనీరు.

రెండేళ్ళు వరసగా ఆయన ఆ రోజు షిఫ్టు ఐదు నిమిషాలు ఆపించి, క్యాంటీన్‌లో తలా పన్నెండు ద్రాక్షపళ్ళు పంచాడు. ఫోన్‌లో వాళ్ళ దేశపు గడియారం గంట కొడుతుంటే, గంటకొకటి చొప్పున తినాలి. పన్నెండూ పూర్తయితే పన్నెండు నెలలూ బాగుంటాయట. లోపల ఎర్ర బట్టలు వేసుకోవాలని కూడా అన్నాడు. దాన్ని మలయ్‌లో చెప్పడానికి మా సూపర్‌వైజరుకు ధైర్యం చాలలేదు. నా పక్కన పనిచేసే మలయ్ అక్క మాత్రం ఆ పళ్ళు చూసి పగలబడి నవ్వింది. మలయ్‌లో అంగ్గూర్ అంటే ద్రాక్ష. పని లేక ఇంట్లో కూర్చున్నవాళ్ళని 'తానం అంగ్గూర్' అంటారు, అంటే ద్రాక్ష నాటుతున్నారని. "ఇవి తింటే మనమూ నాటాల్సిందే," అంది. ఏడో పండుకే నాకు పొలమారింది.

ఈమధ్య డిసెంబరులో మా లైను మూసేస్తున్నామని ఉత్తరం చేతికిచ్చారు. ఇరవై రెండేళ్ళ పని. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది, అదీ రాలేదు. ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని మళ్ళీ తొడుగులకు చిల్లులున్నాయేమో చూస్తూ కూర్చున్నాను. అమ్మకు చెప్పలేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆఖరి రోజు కూడా అయిపోయింది.

జనవరి ఒకటిన అమ్మ ఎప్పటిలాగే ఐదింటికి లేచి అన్నం డబ్బా కట్టింది. నేను ఎప్పటిలాగే యూనిఫాం వేసుకుని మోటారుసైకిలు తీశాను. ఫ్యాక్టరీ వైపు మళ్ళబోయిన బండిని మార్కెట్టు దగ్గర ఆపి, ద్రాక్షపళ్ళు కొన్నాను. ఎందుకు కొన్నానంటే చెప్పలేను. ఏడింటికి బండిమీదే కూర్చుని ఫోన్‌లో ఆ గంటలు పెట్టుకున్నాను. మూడు తిన్నాను. తీపో పులుపో తెలియలేదు. నాలుగో గంటకు నోరు తెరవబుద్ధి కాలేదు. ఇంకెక్కడికి వెళ్ళాలో తోచక ఇంటికే వచ్చేశాను.

"ఏటే, పనికెల్లనేదా?" అంది అమ్మ, గుమ్మంలోనే.

పని పోయింది. రెండే మాటలు. నాకు తెలుగులో నోరు పెగల్లేదు. "తానం అంగ్గూర్, అమ్మా," అన్నాను, ద్రాక్షపళ్ళ సంచి చూపిస్తూ.

అమ్మ నవ్వలేదు. సంచి తీసుకుని పళ్ళు కడిగి తెచ్చి, నేలమీద కూర్చుంది. నోట్లో పళ్ళు సరిగా లేవు కాబట్టి ద్రాక్ష తొక్క గోటితో వలిచింది.

"ఎస్టేట్లో నన్ను మానిపించినప్పుడు నానూ సెప్పనేదు," అంది. "నెల్లాళ్ళు తెల్లారగట్టే రబ్బరు సెట్లు గీసే కత్తి అట్టుకుని ఎల్లిపోయినాను. సెట్ల కింద ఊరికే కూకుని వొచ్చీదాన్ని."

"నాన్నకి తెలీదా?"

"తెలీదనుకున్నాను. మొదటిరోజే తెలిసిపోనాది. అయినా ఏటీ అడగనేదు. రోజూ బువ్వ కట్టి సేతికిచ్చీవోడు."

నా చేతిలో అన్నం డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. నీకెప్పుడు తెలిసిందని అమ్మను అడగలేదు. కూర్చుని మూత తీశాను. అన్నం, నెత్తళ్ళ వేపుడు, నాకిష్టమని మాడ్చి వేయించిన గుడ్డు. అప్పుడొచ్చింది ఏడుపు.