వనజ పళ్ళ క్లిప్పులు

వనజ పై పళ్ళు ఎత్తుగా ఉండేవి. నవ్వొస్తే చేత్తో నోరు మూసుకోవడం చిన్నప్పటి అలవాటు. టెక్కలిలో చీరల దుకాణంలో పని దొరికాక అది ఇబ్బందయింది. చీర మడత విప్పి చూపించాలంటే రెండు చేతులూ కావాలి. భర్త కన్నయ్య ఏటా చేపల వేటకు గుజరాత్ వెళ్ళేవాడు. ఆ ఏడు వెళ్ళే ముందు పట్టుబట్టి ఆమెకు పళ్ళ క్లిప్పులు వేయించాడు.

దుకాణానికి వచ్చేవాళ్ళు ఆ క్లిప్పులు చూసి ఆమెను కలిగినింటి పిల్ల అనుకునేవారు. సంతబొమ్మాళి దగ్గర సముద్రపొడ్డున ఉన్న వాళ్ళ ఊళ్ళో మాత్రం, "పెళ్ళయిపోనాక పళ్ళకి సోకేటే?" అని నవ్వేవారు. కన్నయ్య ఫోనులో పళ్ళు చూపించమనేవాడు. "ఓలమ్మ, లోనికెల్తన్నాయే!" అని మురిసిపోయేవాడు.

మాఘమాసంలో బోటు మీదే అతని గుండె ఆగిపోయింది. శవాన్ని అంబులెన్సులో తెచ్చారు. వనజ ఏడవలేదు. కూర్చోమన్న చోట కూర్చుంది, లేవమంటే లేచింది.

పెదకర్మ నాడు ఆడవాళ్ళు ఆమె గాజులు తీశారు, పుస్తెలు తీశారు. కన్నయ్య మేనత్త కన్నమ్మ ఆమె గడ్డం పట్టుకుని చూసింది.

"నోట్లో ఆ ఎండి తీగ ఉండిపోనాది. అదీ తీసీయాల."

"అది నగ కాదొదినా, వైద్దెం," అంది వనజ అత్త రత్నాలమ్మ.

"మెరుత్తంటే వైద్దెమెలాగవుద్ది? ఊరు సూడదేటి?"

తీస్తే తీయనీ అన్నట్టు వనజ నోరు తెరిచే ఉంచింది. ఎలా తీయాలో అక్కడెవరికీ తెలియలేదు.

నెల తిరిగాక రత్నాలమ్మ ఆమెను టెక్కలి తీసుకెళ్ళింది. డాక్టరు యామిని నోరు చూసింది.

"ఇప్పుడు తీసేస్తే పళ్ళు మళ్ళీ ముందుకొస్తాయి. ఉంచితే తీగ బిగించాలి. ఏం చేద్దామమ్మా?"

"మీ ఇట్టం," అంది వనజ.

"పళ్ళు మీవి కదా!"

వనజ తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది. రత్నాలమ్మే అడిగింది: "తల్లీ, నిజిం సెప్పు. ఇది సోక్కా, రోగానికా?"

"నవ్వడానికండీ," అనేసి, అనకూడని మాట అన్నట్టు డాక్టరు ఆగిపోయింది.

రత్నాలమ్మ కోడలి బోసి చేతుల వంక చూసింది. "ఆడు పెట్టినవన్నీ తీసీసాం. ఇదొకటుంచీయమ్మా," అంది.

తీగ బిగించిన రోజు వనజ అన్నం నమలలేక గంజి తాగింది.

"నొప్పి పుడతందేటి?" అడిగింది అత్త.

"పుట్టినట్టే ఉంది."

మర్నాటి నుంచి దుకాణానికి వెళ్ళింది. కన్నమ్మ చాన్నాళ్ళు వాళ్ళింటి గడప తొక్కలేదు. తర్వాత ఎండుచేపల కోసం తనే వచ్చింది. పళ్ళ మాట మాత్రం ఎత్తలేదు.

మరుసటి వేసవిలో క్లిప్పులు తీశారు. యామిని అద్దం ఇచ్చింది. పళ్ళు వరసలో ఉన్నాయి. వనజ నాలుకతో తడుముకుంది. నున్నగా, ఎవరివో అన్నట్టున్నాయి.

"బాగున్నాయండి," అని అద్దం తిరిగిచ్చి, బస్సు వేళయిందని లేచింది.