అలైడా గారి నల్ల గౌను

మా హార్లెమ్ ఊళ్ళో బట్టల వ్యాపారి వౌటర్ గారి ముందుగదిలో ఆయన భార్య చిత్రం ఒకటి ఉంది. చూడవచ్చినవాళ్ళు మొహం సంగతి తరవాత మాట్లాడతారు, ముందు చేతుల్ని మెచ్చుకుంటారు. ఒకదానిమీద ఒకటి వేసుకుని, తొందరేమీ లేనట్టు ఒళ్ళో పెట్టుకున్న చేతులవి. ఇల్లాలంటే ఇలా ఉండాలి అంటారు మా ఊరి పెద్దమనుషులు. తమ ఇంట్లో ఇల్లాలు ఒక్క క్షణం అలా చేతులు ముడుచుకుని కూర్చుంటే ఊరుకోరు, అది వేరే సంగతి. ఇంతకీ ఆ చేతులు ఇల్లాలివి కావు. ఆ ఇంటి పనిమనిషి లైస్బెత్‌వి. చిత్రకారుడు వేళ్ళ మీది పగుళ్ళు తీసేసి, గోళ్ళకు శుభ్రం నేర్పి, తక్కినదంతా ఆమెదే ఉంచేశాడు.

లైస్బెత్ ఊరి బయట ఇసుక దిబ్బల పక్కన, నారబట్టలను తెల్లబరిచే మైదానాల్లో పుట్టింది. బట్టను బూడిదనీళ్ళలో ఉడికించడం, మజ్జిగలో నానబెట్టడం, గడ్డి మీద పరిచి ఎండ కోసం ఆకాశానికి దణ్ణం పెట్టడం, ఇదే వాళ్ళ బతుకు. ఊరంతా తళతళలాడే కాలర్లతో చర్చికి వెళుతుంటే, ఆ తెలుపు తెచ్చినవాళ్ళు పుళ్ళు పడిన చేతుల్ని కప్పుకున్న దుప్పట్లో దాచుకుని వెనక బల్లల మీద కూర్చునేవారు. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులో తల్లి అక్కడే పోయింది. తండ్రి మోటు మనిషి. పిల్లను ఎత్తి శవం నుదుటి మీద ముద్దు పెట్టించి, "ఇదిగో మీ అమ్మ. ఇంక లేవదు," అన్నాడు. ఆ చల్లదనం ఆమె పెదాల మీద నుంచి ఎప్పటికీ పోలేదు.

వౌటర్ గారింట్లో పనికి కుదిరేనాటికి ఇంకా చిన్నపిల్లే. ఆయన భార్య అలైడా ఆమెకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. మా ఊళ్ళో ఆడవాళ్ళ బట్టలు కుట్టు మీద కాదు, గుండుసూదుల మీద నిలబడతాయి. గంజి పెట్టి మడతలు తీర్చిన గుండ్రటి మెడపట్టీ, చేతుల లేసు, కుళ్ళాయి, అన్నీ పొద్దున్నే ఎవరో ఒకరు ఒంటి మీద సూదులతో కూర్చాలి. లైస్బెత్ పెదాల మధ్య సూదులు పట్టుకుని కూరుస్తుంటే అలైడా ఊరికే ఉండేది కాదు.

"నన్ను మనిషిననుకున్నావా, సూదుల దిండుననుకున్నావా లైస్?" అనేది.

నవ్వితే నోట్లో సూదులు. నవ్వకుండా ఉండలేక లైస్బెత్ నానా అవస్థా పడేది. వాళ్ళిద్దరి కాళ్ళ మధ్య, పడితే తల పగలకుండా దూది కూరిన కుళ్ళాయి పెట్టుకుని, అలైడా కూతురు చిన్నారి హెస్టర్ తిరుగుతుండేది. తల్లి లేకుండా ఒంటరిగా పెరిగిన లైస్బెత్‌కు ఇల్లంటే అదే.

ఆ ఏడు వసంతంలో అలైడా తన చిత్రం వేయించుకోవడం మొదలుపెట్టింది. చిత్రకారుడు ఫ్లోరిస్ ఇల్లు ఆ కాలువ ఒడ్డునే, వంతెన దాటితే. ఒకసారి హెస్టర్‌ను కూడా తీసుకెళ్ళింది. గంటల తరబడి అమ్మ కదలకుండా కూర్చోవడం, ఆయన కళ్ళు చిట్లించి చూడడం తప్ప ఏమీ జరగని ఆ పని పిల్లకు బాగా గుర్తుండిపోయింది. మొహం పూర్తి చేసి, తక్కినదానికి తీరిక దొరికినప్పుడు కబురు పెడతానన్నాడు ఫ్లోరిస్. ఆ తీరిక దొరక్కముందే ఊళ్ళోకి జ్వరాలొచ్చాయి. అంటుకుంటుందని పిల్లను లైడెన్‌లో మేనత్త దగ్గరికి పడవలో పంపించేశారు. వారం తిరక్కుండా అలైడాను పూడ్చిపెట్టి వచ్చారు.

హెస్టర్ తిరిగొచ్చేసరికి పక్కబట్టలు మారాయి, చావింట్లో గోడకు తిప్పిపెట్టిన అద్దాలు మళ్ళీ ఇటు తిరిగాయి. వేరే ఊళ్ళోనైతే ఇంట్లోవాళ్ళ బట్టలు చూసైనా పిల్లకు ఏదో తోచేదేమో. మా దగ్గర పెళ్ళికీ నలుపే, చావుకీ నలుపే, ఆదివారం చర్చికీ నలుపే. మెరిసే పట్టు తీసేసి మెరవని ఉన్ని వేసుకుంటే అదే మా ఏడుపు. నాలుగేళ్ళు నిండని పిల్లకు ఆ తేడా ఏం తెలుస్తుంది?

వస్తూనే వంటగది చూసింది, మేడమీద చూసింది, గోడలోని పెట్టెమంచం తలుపులు తీసి చూసింది.

"అమ్మేది?" అంది.

లైస్బెత్ యజమాని వైపు చూసింది. వౌటర్ టోపీ తీసి, అందులో ఏదో పడినట్టు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెప్పడని ఆమెకు తెలిసిపోయింది. తండ్రి తనను ఎత్తి పట్టుకున్న ఆ రోజు కళ్ళముందు కదిలింది.

"బొమ్మ వేయించుకుంటోంది బంగారం. ఇంకా అవలేదు," అంది.

సాయంత్రానికి ఎలాగో సర్దుకుని చెప్పొచ్చులే అనుకుంది. కానీ పిల్ల ఏడవలేదు, మారాం చేయలేదు. ఆ పని ఎంత నెమ్మదో తను కళ్ళారా చూసింది కదా, బుద్ధిగా తలూపి గంజి తాగింది. అలా నమ్మిన పిల్లతో అబద్ధమని చెప్పడానికి లైస్బెత్‌కు నోరు రాలేదు. మర్నాడు పొద్దున్నే ఇవాళ ఏం వేస్తాడని పిల్ల అడిగింది. కుళ్ళాయి అని లైస్బెత్ చెప్పింది. ఆ మర్నాడు లేసు. ఆపైన ఎడమ చెయ్యి. ఫ్లోరిస్ ఇంట్లో మొహం తప్ప ఏమీ లేని ఆ చిత్రం ఇక్కడ వంటగదిలో రోజుకింత తయారవుతూ వచ్చింది. ఆదివారం పాస్టరు అబద్ధాలకోరుల గతి ఏమిటో గొంతు చించుకుని చెబుతుంటే, అవన్నీ తన పేరు పెట్టి చెబుతున్నట్టే ఉండేది. ఎంత కుట్టినా ఈ అబద్ధానికి అంచు రావడం లేదని, తెమిలే దారి తెలియడం లేదని పెట్టెమంచంలో పిల్ల పక్కన పడుకుని కుమిలిపోయేది.

చివరికి ధైర్యం చేసి యజమానితో అంది. రోజూ అడుగుతోంది, ఇక నా వల్ల కాదంది.

"అడగనీ," అన్నాడు వౌటర్. "బొమ్మ ఇంటికి రానీ. గోడకి పెట్టాక దాన్ని చూపించి నేనే చెప్తాను. అందాకా నువ్వు నోరు మెదిపావంటే నీ మూట నువ్వు సర్దుకోవచ్చు."

చెడ్డవాడేం కాదు. భార్య పేరు నోట రాని మనిషి, ఆ పేరు ఎత్తకుండా ఉండడానికి ఇంకొకరిని బెదిరించాడు. మూట సర్దుకుంటే పిల్లను ఎవరు చూస్తారు? లైస్బెత్ నోరు మూసుకుంది.

చిత్రం త్వరగా తెమలాలని ఆయన ఫ్లోరిస్‌ను తొందరపెట్టాడు. బట్టలున్నాయి, వేసుకునే మనిషేది అన్నాడు ఫ్లోరిస్. ఎత్తూ ఒడ్డూ సరిపోయేది లైస్బెత్ ఒక్కతే. ఆమెనెవరూ అడగలేదు. గౌను పెట్టె ఆమె నెత్తినే పెట్టి పంపించారు.

అది అలైడా ఆదివారాలు వేసుకునే నల్లపట్టు గౌను. చిత్రకారుడి భార్య వెనక నిలబడి సూదులు కూరుస్తుంటే లైస్బెత్‌కు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఇంకొకరికి కూర్చిందే కానీ తనకెవరూ కూర్చలేదు. చంకల దగ్గర బట్టలో ఇంకా అలైడా వాసన ఉంది. కుర్చీ ముందే నిలబడిపోయింది.

"కూర్చోవమ్మా, నీ మొహం నాకక్కర్లేదు. మెడ కిందనుంచే నీతో పని. పైన నువ్వు ఏడ్చుకున్నా నాకేం ఇబ్బంది లేదు," అన్నాడు ఫ్లోరిస్.

మొరటు మాటే అయినా ఆమెకది మేలే చేసింది. రోజూ వెళ్ళి కూర్చుని, తీరిగ్గా ఏడ్చుకునేది. చేతులు మాత్రం కదిలించేది కాదు. గౌను కింద కాళ్ళ దగ్గర నిప్పుల పెట్టె వెచ్చగా ఉండేది. బొమ్మ వేసే తెరమీద నలుపు ఒక్కో మడతే నిండుతుంటే, ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకునేది. అది పూర్తయిన రోజున పిల్లకు చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

ఆ గంటల్లో హెస్టర్‌ను పొరుగింటావిడ చూసుకునేది. ఒకనాడు ఆవిడ పొయ్యి మీద గంజి కలుపుతుంటే పిల్ల లైస్ ఏదంటూ సతాయించింది. ఆవిడకు ఈ కథంతా ఏం తెలుసు? చిత్రకారుడింటికి వెళ్ళింది, వచ్చేస్తుందిలే అంది. ఆవిడ గరిటె పక్కన పెట్టి తిరిగి చూసేసరికి వాకిట్లో పిల్ల లేదు.

ఫ్లోరిస్ గదిలో లైస్బెత్ వాకిలి వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. మెట్ల మీద చిన్న చెక్కబూట్ల చప్పుడు వినిపించింది.

"కదలకు, చెయ్యి అయిపోతోంది," అన్నాడు ఫ్లోరిస్.

"అమ్మా," అంది వెనక నుంచి హెస్టర్.

ఆ మెడపట్టీతో తల ఒక్కటే తిరగదు, మనిషంతా తిరగాలి. లైస్బెత్ తిరగలేదు. పిల్ల పరిగెత్తుకొచ్చి రెండు చేతులా గౌను వాటేసుకుని పట్టులో మొహం దాచుకుంది. బొమ్మ అయిపోయిందా అమ్మా, ఇంటికెళదామా అని ఆ బట్టలోకే అడిగింది. ఇలాగే ఉండిపోతే, ఇంక ఎప్పటికీ ఇటు తిరక్కుండా ఉండిపోతే ఎంత బాగుండునని ఒక్క క్షణం అనిపించింది లైస్బెత్‌కు. ఆ ఆశకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పిల్ల కుర్చీ చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. లేసు చూసింది, ఒళ్ళోని చేతులు చూసింది, మొహం చూసింది. కుర్చీ వెనక్కి వెళ్ళి చూసింది. తెర వెనక్కి వెళ్ళి అక్కడా చూసింది. హెస్టర్ మళ్ళీ లైస్బెత్ మోకాళ్ళ దగ్గరికి వచ్చి, ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించింది.

"ఇది ఆదివారం గౌను కదా లైస్. నిన్నెవరు వేసుకోమన్నారు? అమ్మ చూసిందంటే తిడుతుంది."

"తీసేస్తాను బంగారం."

"తొందరగా తీసెయ్. అమ్మ బయటికెళ్ళినట్టుంది. నేను మెట్ల దగ్గరుండి చూస్తుంటా. వస్తుంటే చెప్తాలే."

"హెస్టర్, ఇటు రా. మీ అమ్మ..." అంది లైస్బెత్.

పిల్ల పెదాల మీద వేలు పెట్టి ఉష్ మంది. వెళ్ళి మెట్ల పైన కమ్మీ పట్టుకుని, వంగి, కింద వీధి తలుపు వైపే చూస్తూ నిలబడింది. లైస్బెత్ ఆ సగం మాటను పూర్తి చేయలేకపోయింది. ఇల్లు పోతుందన్న భయం ఇప్పుడామెకు గుర్తు కూడా రాలేదు. ఫ్లోరిస్ తల దించుకుని శుభ్రంగానే ఉన్న కుంచెను తుడుస్తున్నాడు. ఆమె భుజం మీది సూది తీసింది. ఇంకోటి తీసింది. తీసిన సూదులు నేలమీద టకటకా రాలాయి.

"ఇంకా రాలేదులే లైస్, నువ్వు కానియ్యి," అంది హెస్టర్, వెనక్కి తిరక్కుండానే.