రాయదుర్గం వైపు పోయే బండి

కొమురయ్యకు మెట్రో రైలంటే పడదు. మా మూసాపేటలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆటో నడిపేవాడికి మెట్రో మీద కోపం ఉండడం వింతేమీ కాదు, బేరాలు పోయాయని అందరూ తిట్టుకునేవాళ్లే. కొమురయ్య తిట్లు మాత్రం వేరు. ఇల్లాలిని లేవదీసుకుపోయినవాణ్ణి తిట్టినట్టు తిట్టేవాడు. చచ్చినా ఆ స్టేషన్ మెట్లు ఎక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

ఆ ఇల్లాలు భ్రమరాంబ. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. వాళ్లుండేది మా పక్క పోర్షన్‌లోనే. మధ్యలో ఒకటే గోడ, అదీ సన్నది. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం గోడ చెప్పింది, మిగతా సగం ఆలుమగలు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి నాతో చెప్పుకున్నారు.

అంతకుముందు ఆమెను పొద్దున దింపేదీ, సాయంత్రం తెచ్చేదీ కొమురయ్యే. చేతికొచ్చిన బేరం వదిలే రకం కాదు కనుక, వచ్చేటప్పుడు వెనక ముగ్గురు ఆఫీసువాళ్లను ఎక్కించుకుని, తను కాస్త జరిగి భార్యను ముందు తన సీటు మీదే కూర్చోబెట్టుకునేవాడు. ఆమె ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు అదుముకుని, సగం ఆటోలో సగం రోడ్డు మీద అన్నట్టు కూర్చునేది. దారి పొడవునా అతను ట్రాఫిక్ పోలీసులను, బైకు టాక్సీలను, సొంత తమ్ముణ్ణి వరసగా తిట్టేవాడు. ఆమె ఊఁ కొట్టేది. రోజు మొత్తంలో కొమురయ్యకు ఇష్టమైన సమయం అదే. "భుజానికి భుజం ఆనిచ్చి వస్తుంటిమి అక్కా" అని ఇప్పటికీ నాతో అంటుంటాడు.

ఒక వానాకాలం సాయంత్రం రోడ్ల మీద నీళ్లు నిలిచి ఆటోలు కదల్లేదు. భ్రమరాంబ మెట్రోలో వచ్చింది. మర్నాడు వాన లేదు, అయినా మెట్రోలోనే వచ్చింది. వారం తిరక్కుండా కార్డు చేయించుకుంది.

"నువ్వు నీ బేరాలు చూసుకో. నా కోసం గంత దూరం వచ్చి ఎందుకు పరేషాన్ అయితవ్?" అని మంచిగానే చెప్పింది. ఆ మంచితనమే అతనికి అనుమానం పుట్టించింది.

కళ్లు పీక్కుపోయి ఇల్లు చేరే మనిషి ఇప్పుడు తేటగా వస్తోంది. కూర కలుపుతూ కూనిరాగం తీస్తోంది. ఒకరోజు తలుపు గడియ తీస్తూ, రైల్లో వినపడే ఆడగొంతులా "తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయి" అని తనలో తనే అనుకుని నవ్వుకుంది. కొమురయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు. ఇంత నవ్వు ఎక్కడినుంచి తెస్తోంది, ఎవరిస్తున్నారు? అసూయ అనే మాట మగవాడి నోట రాదు. తలనొప్పి అంటాడు, పప్పులో ఉప్పెక్కువైందంటాడు. ఆ నెలంతా మా గోడకవతల పప్పులో ఉప్పు ఎక్కువగానే ఉంది.

అతని ఆటోస్టాండులోనే ఉండే గిరీష్ అప్పుడు అగ్గికి ఆజ్యం పోశాడు.

"అన్నా, నిన్న హైటెక్ సిటీ స్టేషన్ల వదినెను చూసిన. రాయదుర్గం పోయే బండి ఎక్కింది."

"సక్కగ చూసినవా?"

"ఈ కండ్లతోనే చూసిన. గా దిక్కే పోయింది."

మూసాపేట రావాలంటే అమీర్‌పేట వైపు ఎక్కి, అక్కడ దిగి ఇంకో బండి మారాలి. రాయదుర్గం దానికి పూర్తిగా ఎదురు దిక్కు. ఆ లైన్లో అదే ఆఖరి స్టేషన్. ఆటో నడిపేవాడి బుర్రలో, ఇంటికి పోవలసిన మనిషి ఊరికే ఎదురు దిక్కుకు పోవడమనేది ఉండదు. పోయిందంటే అక్కడ ఎవరో ఉన్నట్టే. పైగా ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సుంది, ఇంట్లో సొంత ఆటో ఉంది. రెండూ కాదని, డబ్బు పెట్టి మరీ అటు పోతోందంటే ఏమనుకోవాలి?

ఆ సాయంత్రం అడిగాడు. "సక్కగ ఇంటికే వచ్చినవా?"

"సక్కగనే వచ్చిన. ఇంకేడికి పోత?" అంది ఆమె ఉల్లిగడ్డ కోస్తూ.

మొహం కూడా ఎత్తలేదట. ఈ ఆరోపణ కొమురయ్యది, నాది కాదు. ఉల్లిగడ్డ కోస్తూ మొహమెత్తితే వేలు తెగుతుంది.

మర్నాడు ఒట్టు తీసి గట్టున పెట్టాడు. గిరీష్ చేత హైటెక్ సిటీలో దింపించుకుని, తన ఆటో అతనికే అప్పజెప్పి, స్టేషన్ మెట్లెక్కాడు. గేటు దగ్గర టికెట్టు కాగితం ఎటు తిప్పిపెట్టాలో తెలియక సెక్యూరిటీ మనిషి చేత పెట్టించుకున్నాడు. రాయదుర్గం వైపు ప్లాట్‌ఫారం మీద ఒక స్తంభం చాటున నిలబడ్డాడు.

భ్రమరాంబ వచ్చింది. యూనిఫాం మార్చి చీర కట్టుకుంది. మొహం కడుక్కుని పౌడరు కూడా అద్దుకుంది. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న మనిషొకడు ఆమెను ఏదో అడిగాడు. ఆమె చెయ్యి చూపిస్తూ నవ్వుమొహంతో ఏదో చెప్పింది. కొమురయ్యకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకాయి. "తెల్లంగ, సన్నంగ, సినిమావోని తీరు ఉండె అక్కా" అని చెప్పాడు నాకు. ఆ మనిషెవరో గానీ, పాపం, పుట్టి బుద్ధెరిగాక అంత పొగడ్త విని ఉండడు.

బండి వచ్చింది. భ్రమరాంబ ఆడవాళ్లకు కేటాయించిన భాగంలోకి ఎక్కింది. ఆ కార్డు మనిషి వెనక బోగీలోకి ఎక్కాడు, అతని వెనకే కొమురయ్య. రాయదుర్గంలో కార్డు మనిషి దిగాడు. కొమురయ్యా దిగాడు. ఇక ఆమె దిగి అతన్ని కలవడమే తరువాయి. కార్డు మనిషి ఫోను చూసుకుంటూ తన దారిన తను చక్కా పోయాడు. ఆమె దిగనే లేదు. ప్లాట్‌ఫారం మీద కాచుకున్న జనం బండిలోకి ఎగబడ్డారు. తలుపులు మూసుకోబోతుంటే కొమురయ్య మళ్లీ లోపలికి దూకాడు. బండి వచ్చిన దారినే వెనక్కి బయలుదేరింది.

అతనికి ఏమీ అర్థం కాలేదు. జనాన్ని తోసుకుంటూ ఆడవాళ్ల భాగం మొదలయ్యే చోటిదాకా వెళ్లి, భుజాల సందులోంచి చూశాడు.

ఆమె మూల సీట్లో ఉంది. చెప్పులు విప్పి పాదాలు వాటి మీద పెట్టుకుంది. తల పక్కనున్న అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర కాదు, పెదవుల మీద చిన్న నవ్వుంది. హైటెక్ సిటీలో ఇంకింతమంది తోసుకొచ్చారు. ఎదురుగా నిలబడ్డావిడ సీటు మీద ఆశతో గట్టిగా నిట్టూర్చింది. ఇంట్లో ఎవరు పిలిచినా చేతిలో పని వదిలేసి లేచే భ్రమరాంబ కళ్లు కూడా తెరవలేదు. ఆమె పక్కన ఎవడూ లేడు. చేతిలో ఫోనూ లేదు.

ఎవడూ లేడని తెలిశాక గుండె కుదుటపడాలి కదా, పడలేదు. మగవాడుంటే వాడికంటే నేనేం తక్కువని అడగొచ్చు. సీటును ఏమని అడుగుతాడు? ఇన్నేళ్లు తన భుజం పక్కన కూర్చుని ఒక్కనాడూ పెట్టని మొహం ఆ మూల సీట్లో పెట్టింది. కార్డు మనిషి మీద కంటే ఆ సీటు మీద కొమురయ్యకు ఎక్కువ కడుపు రగిలింది.

ఆగలేక ముందుకు దూరాడు. "అన్నా, ఇది లేడీస్‌ది!" అని నలుగురు అరిచారు. భ్రమరాంబ కళ్లు తెరిచింది.

"నువ్వేంది ఈడ?"

"రాయదుర్గంల ఎవలున్నరే నీకు?"

బోగీ అంతటికీ వినపడింది. ఒక కాలేజీ పిల్ల పక్కున నవ్వింది. "అంకుల్, హైటెక్ సిటీల ఈ దిక్కు బండెక్కితే నిలబడనీకి గూడ జాగ ఉండదు. అందుకే ముందుగాల ఎనకకు రాయదుర్గం పోయి, సీటు పట్టుకొని వస్తం. మేమందరం గట్లనే చేస్తం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భ్రమరాంబ నవ్వలేదు. ఎందుకు వచ్చాడో ఆమెకు అర్థమైపోయింది.

కొమురయ్య గొంతు తగ్గించి బతిమాలాడు. "సీటే గావాల్నంటే నాకు చెప్పొద్దా? రేపటి సంది ఎనక సీటు మొత్తం నీకే ఇడిచిపెడ్త. ఒక్క బేరం గూడ ఎక్కించ. కాళ్లు జాపుకొని కూసో. జర నా ఆటోల రా, భ్రమరా."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదని, ఉంటే బాగుండేదని అతనే చెప్పాడు నాకు.

"ఆటోల నువ్వుంటవ్ గదయ్యా" అంది.

అమీర్‌పేట వచ్చింది. ఇద్దరూ దిగి, మూసాపేట వైపు బండి వచ్చే ప్లాట్‌ఫారానికి నడిచారు. బండి రాగానే ఆమె ఆడవాళ్ల భాగంలోకి ఎక్కింది. కొమురయ్య ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తి, ఆమెకు కనపడనంత దూరంలో, ఆఖరి బోగీలోకి ఎక్కి నిలబడ్డాడు.