శనివారం ఇంజిన్ ఆయిల్

అబిడ్స్‌లో నాది పెళ్లికార్డుల షాపు. ఎదురుగా బ్లౌజులు కుట్టే ఆవిడ షాపు. పాత కాంప్లెక్స్ కాబట్టి కరెంటు పోతే ఎవరి దిక్కు వాళ్లదే. అందుకే మెట్ల కింద మా ఇద్దరికీ ఉమ్మడిగా ఒక చిన్న జనరేటర్ పెట్టుకున్నాం. పెట్రోలు ఆవిడ చూసుకుంటుంది, ఆయిల్ నేను చూసుకుంటాను. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను.

ఆవిడ వారంవారం ఆ జనరేటర్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంది. చూసి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? మిషన్‌కు దిష్టేంది చెల్లె, దానికి కావాల్సింది ఆయిల్ అని కస్టమర్ల ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆవిడ నవ్వేసి ముడి వేసుకునేది. కాలేజీ రోజుల నుంచీ నాకు ఏ పట్టింపులూ లేవని చెప్పుకుంటున్నాను. ఎవరూ అడగకపోయినా చెబుతాను.

ఈ ఎండాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం ఆయిల్ చూశాను. మూత తిప్పి తీస్తే దానికే ఒక పుల్ల ఉంటుంది. బట్టతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. ఆయిల్ పుల్ల కొసకే అంటింది, అదీ కాటుకలా నల్లగా ఉంది. ఇంజిన్ ఇంకా వేడిగా ఉండగానే కింది బోల్టు విప్పి, ఉన్నదంతా ఒక డబ్బాలోకి వంచేశాను. బోల్టు బిగించి, కొత్తది పొద్దున తెచ్చి పోస్తానని ఆవిడకు చెప్పి ఇంటికి వెళ్లిపోయాను.

పొద్దున నాంపల్లిలో స్పేర్‌పార్ట్‌ల షాపు ముందు బండి ఆపాక గుర్తొచ్చింది, ఆ రోజు శనివారం. శనివారం నూనె, ఇనుము కొనుక్కొస్తే శనిని సంకన పెట్టుకొని వచ్చినట్టే అని మా అమ్మ అనేది. ఇది వంటనూనె కాదు కదా అనుకున్నాను. తీసుకెళ్లేది ఇంటికి కాదు కదా అనుకున్నాను. నేను ఇట్లాంటివి నమ్మను కదా అని కూడా అనుకున్నాను. అన్నీ అనుకుని, ఎదురు హోటల్లో ఒక చాయ్ తాగి, ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

ఆవిడ అడిగితే షాపు మూసి ఉందన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, శనివారం పొద్దున నాంపల్లిలో షాపు మూసి ఉండటమేమిటి? ఆవిడ సరే అన్నా అంది.

సాయంత్రం కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని, ఇప్పట్లో రాదని వాచ్‌మన్ చెప్పిపోయాడు. ఎదురు షాపులో ఒక పెళ్లికూతురి తల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. తెల్లారితే ముహూర్తం. బ్లౌజుకు చేతులు ఇంకా అతకలేదు. కుట్టు మిషనేమో మోటారుది. జనరేటర్ వేయమని ఆవిడ కేకేసింది.

ఆయిల్ లేకపోతే స్టార్ట్ కాని రకం అది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తాడు లాగాను, చెమట పట్టేదాకా లాగుతూనే ఉన్నాను. ప్లగ్ పోయినట్టుందని కూడా అన్నాను. పెళ్లికూతురి తల్లి లేచి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది.

కుట్టే ఆవిడ ఫోన్ లైటు వేసి వంగి, ఆయిల్ మూత తిప్పి తీసింది. పుల్ల పొడిగా ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"శనివారమనా అన్నా?"

నాకు తలకొట్టేసినట్టయింది.

"జర చెప్తే నేనే తెద్దును గదా. నాకు గా పట్టింపు లేదు" అని స్కూటీ తాళం తీసుకుని వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆ తల్లి ముందు నేను అట్లాగే నిలబడి ఉన్నాను.

ఆవిడ డబ్బా తెచ్చి నా చేతికివ్వబోయి, ఆగింది.

"పోసేటందుకు గూడ పట్టింపు ఉంటదా? ఉంటే చెప్పు, నేనే పోస్త."

అందులో వెటకారం ఏమన్నా ఉందేమోనని వెతికాను. లేదు. డబ్బా లాక్కున్నంత పని చేసి నేనే పోశాను. కొంత కింద ఒలికింది. జనరేటర్ స్టార్ట్ అయింది, బ్లౌజు పూర్తయింది, ఆ తల్లి దండం పెట్టి వెళ్లింది. నాక్కూడా పెట్టింది.

జరిగిందాన్ని ఆవిడ ఎవరితోనూ అనలేదు. అన్నా బాగుండేది, నలుగురితో పాటు నేనూ నవ్వేసేవాణ్ని. ఇప్పుడు శుక్రవారం షాపు మూసేటప్పుడు నా గుమ్మం దగ్గర ఆగి, మా అమ్మ పట్టింపును నాకంటే ఎక్కువ గౌరవిస్తూ, గొంతు తగ్గించి అడుగుతుంది: "అన్నా, రేపు శనివారం. ఏమన్న తేవాల్నా?"